ఉబ్బసానికి ప్రాణాయామం: ఆయాసం తగ్గడం వేరు, వాపు తగ్గడం వేరు

క్లుప్తంగా

ఉబ్బసం ఉన్నవాళ్లకు శ్వాస సాధన, ధ్యానం మేలు చేస్తాయి. ఆయాసంతో వచ్చే భయం, అవసరానికి మించి ఊపిరి తీసే అలవాటు, రోజువారీ ఇబ్బంది వీటితో తగ్గుతాయని పరీక్షల్లో తేలింది. శ్వాసనాళాల లోపలి వాపు మాత్రం వీటితో తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. ఆ పని రోజూ పీల్చే స్టెరాయిడ్ మందుది. ఒంటికి హాయిగా ఉంది కదా అని ఆ మందు మానేసినప్పుడే ప్రమాదం మొదలవుతుంది.

జూన్ నెలలో పెరిగే అయోమయం

ఏటా జూన్ మొదటి వారం దాటగానే మృగశిర కార్తె వస్తుంది. బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం కోసం ఉబ్బసం రోగులు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బారులు తీరతారు. కొర్రమీను పిల్ల నోట్లో పసుపు రంగు మందు ముద్ద పెట్టి మింగిస్తారు. రెండు వారాలు తిరిగేసరికి జూన్ 21, అంతర్జాతీయ యోగా దినోత్సవం. ఆ రోజుల్లో ఫోన్లలో తిరిగే వీడియోలలో ‘ప్రాణాయామంతో ఆస్తమా మాయం’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఇంట్లో ఉబ్బసం మనిషి ఉన్నవాళ్లకు ఈ నెలలో సలహాలకు కొదవుండదు.

ఈ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. శ్వాస సాధన మీద నాలుగు దశాబ్దాలుగా పరీక్షలు జరుగుతున్నాయి, కొంత ఫలితమూ కనిపించింది. అయితే ఏ మందు గురించైనా, ఏ సాధన గురించైనా రోగులు చెప్పే అనుభవాన్ని తూచేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఉబ్బసం దానంతట అదే పెరుగుతూ తగ్గుతూ ఉండే జబ్బు. రుతువు మారితే మారుతుంది, ఇల్లు మారితే మారుతుంది, పూల పుప్పొడి తగ్గితే తగ్గుతుంది. జబ్బు బాగా ముదిరినప్పుడే ఎవరైనా కొత్త దారి వెతుక్కుంటారు. ఆ తర్వాత సహజంగా వచ్చే ఉపశమనం కూడా ఆ కొత్త దారి ఖాతాలోకే వెళుతుంది. అందుకే ఒక్కొక్కరి అనుభవం మీద ఆధారపడకుండా, సాధన చేసినవాళ్లనూ చేయనివాళ్లనూ పక్కపక్కన పెట్టి చూడాల్సి వచ్చింది.

శ్వాసనాళంలో ఏం జరుగుతుంది

ఉబ్బసంలో గాలి దారి ఇరుకు కావడానికి కారణాలు మూడు. నాళం లోపలి పొర వాచి ఉంటుంది. నాళం చుట్టూ ఉన్న సన్నని కండరం బిగుసుకుంటుంది. జిగురు కఫం అడ్డుపడుతుంది. ఇందులో కండరం బిగుసుకోవడం నిమిషాల్లో జరిగిపోతుంది. సాల్‌బ్యుటమాల్ ఇన్‌హేలర్ కొడితే అంతే త్వరగా సడలుతుంది కూడా. వాపు అలాంటిది కాదు. రోగికి ఏ బాధా లేని రోజుల్లో కూడా లోపల కొంత ఉంటూనే ఉంటుంది. అది తగ్గాలంటే పీల్చే స్టెరాయిడ్ రోజూ, వారాల తరబడి వాడాలి.

ఆయాసం వచ్చినప్పుడు ‘గాలి అందడం లేదు’ అంటారు. నిజానికి అప్పుడు ఛాతీలో గాలి మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది. ఊపిరి తీసేటప్పుడు నాళాలు కాస్త విచ్చుకుంటాయి, వదిలేటప్పుడు ఇరుకవుతాయి. అందువల్ల లోపలికి వెళ్లిన గాలి పూర్తిగా బయటికి రాదు. అది రాకముందే కంగారులో మరో ఊపిరి తీసుకుంటారు. ప్రతి శ్వాసకూ కొంత గాలి లోపల మిగిలిపోతూ ఛాతీ ఉబ్బుతుంది. డొక్కలు ఎగురుతాయి, మెడ కండరాలు బిగుస్తాయి. ఎంత వేగంగా పీలిస్తే అంత ఇబ్బంది. శ్వాస సాధన పనికొచ్చేది మొట్టమొదట ఇక్కడే. పీల్చినదానికి రెట్టింపు సేపు నెమ్మదిగా వదిలితే, చిక్కుకున్న గాలికి బయటికి రావడానికి వ్యవధి దొరుకుతుంది.

భయం, వేగం, మళ్లీ భయం

రెండో ఉపయోగం రక్తంలోని కార్బన్ డయాక్సైడ్‌కు సంబంధించింది. టెన్షన్ పడినప్పుడు ఒంటికి అవసరమైన దానికంటే ఎక్కువగా ఊపిరి తీస్తాం. కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. తల తేలిపోతున్నట్టు ఉంటుంది, వేళ్ల చివర తిమ్మిరి పుడుతుంది, ఛాతీ పట్టేసినట్టు అనిపిస్తుంది. ఉబ్బసం మనిషికి ఇదంతా మరో దాడిలా తోస్తుంది. వెంటనే ఇన్‌హేలర్ తీసి రెండు మూడు సార్లు కొడతారు. ఆ మందు వల్ల చేతులు వణకడం, గుండె దడదడ కొట్టుకోవడం మామూలే. దాంతో భయం ఇంకా పెరుగుతుంది, ఊపిరి వేగం పుంజుకుంటుంది.

ఇది అరుదుగా జరిగేదేమీ కాదు. బ్రిటన్‌లో ఉబ్బసానికి మందులు వాడుతున్నవారిని 2001లో ప్రశ్నావళితో పరిశీలించినప్పుడు ఆడవాళ్లలో సుమారు మూడో వంతు, మగవాళ్లలో ఐదో వంతు మందిలో ఇలాంటి అస్తవ్యస్త శ్వాస లక్షణాలు కనిపించాయి. వీళ్లకు మందు మోతాదు పెంచితే పెద్దగా ఒరిగేది ఉండదు. ముక్కుతో నెమ్మదిగా, పొట్ట కదిలేలా శ్వాసించడం నేర్పితే ఆ గొలుసు తెగుతుంది. ముక్కుతో పీల్చిన గాలి వెచ్చబడి, తేమ పట్టి లోపలికి వెళుతుంది. నోటితో పీల్చే చల్లని, పొడి గాలి ఉబ్బసం నాళాలను రెచ్చగొడుతుంది.

ధ్యానం పని చేసేది ఈ భయం మీదే. ఆయాసంలో రెండు పొరలున్నాయి: ఊపిరికి ఎంత కష్టపడుతున్నాం అన్నది ఒకటి, ఆ కష్టం మనసును ఎంత కలవరపెడుతోంది అన్నది మరొకటి. మెదడులో ఈ రెండూ పూర్తిగా ఒకటి కావు. రెండో పొర పలచబడితే, మొదటిది అలాగే ఉన్నా మనిషి తట్టుకోగలడు. రాత్రి రెండింటికి ఒంటరిగా మంచం మీద లేచి కూర్చుని ఊపిరి కోసం అల్లాడే మనిషికి ఇది చిన్న విషయం కాదు.

వేగస్ నాడి వాదనలోని చిక్కు

నెమ్మదిగా ఊపిరి తీస్తే వేగస్ నాడి (మెదడు నుంచి గుండెకు, ఊపిరితిత్తులకు వెళ్లే నరం) చురుకవుతుంది, అది శరీరాన్ని శాంతపరుస్తుంది, కాబట్టి ఉబ్బసం తగ్గుతుంది అని చాలామంది బోధకులు వివరిస్తారు. మొదటి రెండు మాటలకు ఆధారం ఉంది. నిమిషానికి సుమారు ఆరు శ్వాసల వేగంలో గుండె, రక్తపోటు నియంత్రణ మెరుగ్గా స్పందిస్తుంది. ఇటలీ పరిశోధకులు 2001లో ప్రచురించిన పరిశీలనలో జపమాలతో చేసే క్రైస్తవ ప్రార్థన, యోగ మంత్రజపం రెండూ శ్వాసను ఇంచుమించు ఇదే వేగానికి తెచ్చాయి.

మూడో మాట దగ్గరే తేడా వస్తుంది. గుండె వేగాన్ని తగ్గించే అదే వేగస్ నాడి శ్వాసనాళాల కండరాన్ని బిగిస్తుంది. దాని ప్రభావాన్ని అడ్డుకునే ఇప్రాట్రోపియం, టయోట్రోపియం వంటి మందులను ఊపిరి జబ్బుల్లో నాళాలు విప్పడానికే వాడతారు. ఉబ్బసం తెల్లవారుజామున ముదరడానికి ఉన్న కారణాల్లో ఆ వేళ వేగస్ ప్రభావం ఎక్కువగా ఉండటం ఒకటి. శాంతం పేరుతో చెప్పే ఈ సూటి వివరణ ఉబ్బసానికి యథాతథంగా సరిపోదు. సాధన వల్ల కలిగే మేలుకు శ్వాస వేగం, భయం తగ్గడమే ఇంతకంటే బలమైన కారణాలు.

అలాగని మనసుకు, నాళాలకు సంబంధమే లేదనుకోవడమూ పొరపాటే. 1968లో అమెరికాలో 40 మంది ఉబ్బసం రోగులకు ఉప్పునీటి ఆవిరి పట్టి, అది వాళ్లకు పడని పదార్థమని చెప్పారు. 19 మందిలో నాళాలు నిజంగానే బిగుసుకున్నాయి. మనసు కండరాన్ని కదిలించగలదు. అది పొరలోని వాపును కూడా తీసేస్తుందా అన్నది వేరే ప్రశ్న.

పరీక్షల్లో తేలింది ఎంత

భారతీయ యోగాన్ని ఉబ్బసం మీద పెద్ద ఎత్తున పరీక్షించిన తొలి ప్రయత్నాల్లో బెంగళూరుకు చెందిన నాగరత్న, నాగేంద్రలది ముఖ్యమైనది. 1985లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఆసనాలు, ప్రాణాయామం, ధ్యానం కలిపి నేర్చుకున్న 53 మందిని, వయసు, జబ్బు తీవ్రతల్లో వాళ్లకు దగ్గరగా ఉన్న మరో 53 మందితో పోల్చారు. సాధన చేసినవారిలో దాడులు, మందుల వాడకం తగ్గాయి. అయితే ఎవరు సాధన చేస్తున్నారో అందరికీ తెలుసు. ఆశతో కలిగే మేలునూ, సాధన వల్ల కలిగే మేలునూ ఇలాంటి పద్ధతిలో విడదీయలేం.

దాన్ని విడదీయడానికి 1990లో నాటింగ్‌హామ్‌లో ఒక మంచి ఉపాయం చేశారు. జైపూర్ పేరుమీద ‘పింక్ సిటీ లంగ్ ఎక్సర్‌సైజర్’ అనే చిన్న పరికరం ఉంది. దాంట్లోంచి శ్వాసిస్తే పీల్చడం, వదలడం 1:2 నిష్పత్తిలోకి వస్తాయి. చూడ్డానికి అలాగే ఉండి ఏ పనీ చేయని నకిలీ పరికరాన్ని కూడా సిద్ధం చేశారు. స్వల్ప ఉబ్బసం ఉన్న 18 మంది రెండు వారాల చొప్పున రెండూ వాడారు. అసలు పరికరం వాడినప్పుడు నాళాల అతి స్పందన, అంటే చిన్న రెచ్చగొట్టుకే బిగుసుకుపోయే గుణం, కొంత తగ్గింది. లాన్సెట్‌లో వచ్చిన ఈ ఫలితం ఎంతో ఆశ రేపింది. అదే ఊరిలో 90 మందిపై ఆరు నెలలు జరిపి 2003లో ప్రచురించిన పరీక్షలో మాత్రం ఆ పరికరం నకిలీదాని కంటే మెరుగని తేలలేదు. అదే పరీక్షలో సోవియట్ వైద్యుడు బుటేకో పేరుతో ఉన్న తక్కువ శ్వాస పద్ధతి నేర్చుకున్నవాళ్లకు బాధలు తగ్గాయి, ఉపశమన ఇన్‌హేలర్ వాడకమూ తగ్గింది. వాళ్లు ఊదగలిగే గాలి, నాళాల స్పందన మాత్రం మారలేదు.

2018లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ బృందం 655 మందిపై చేసిన పరీక్ష ఇంకా స్పష్టంగా ఉంది. కొందరికి ఫిజియోథెరపిస్టు ఎదురుగా కూర్చోబెట్టి శ్వాస నేర్పారు, కొందరికి డీవీడీ, చిన్న పుస్తకం ఇచ్చారు, మిగతావాళ్లకు మామూలు వైద్యం కొనసాగించారు. నేర్చుకున్న రెండు గుంపుల్లోనూ జీవన నాణ్యత మెరుగైంది. ఒక సెకనులో ఊదగలిగే గాలిలో, వాపుకు గుర్తుగా చూసే నైట్రిక్ ఆక్సైడ్‌లో తేడా రాలేదు. ధ్యానం విషయంలోనూ ఇదే తీరు. అమెరికాలో జాన్ కబాట్-జిన్ 1979లో మొదలుపెట్టిన ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణను 83 మంది ఉబ్బసం రోగులపై పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. ఏడాది తర్వాత కూడా ఒత్తిడి తక్కువగా, జీవన నాణ్యత మెరుగ్గా ఉంది. ఊపిరితిత్తుల పనితీరు మారలేదు.

22 పరీక్షలను కలిపి చూసిన 2020 నాటి కాక్రేన్ సమీక్షలో ఊదగలిగే గాలి కూడా కొంత మెరుగైనట్టు కనిపించింది. కానీ పరీక్షకూ పరీక్షకూ పద్ధతులు వేరు, ఫలితాలు వేరు. ఉబ్బసంపై అంతర్జాతీయ మార్గదర్శకాలిచ్చే గినా సంస్థ శ్వాస వ్యాయామాలను మందులకు తోడుగా సూచిస్తుంది. బాధ, జీవన నాణ్యత మెరుగవుతాయని, తీవ్ర దాడుల ముప్పు మాత్రం తగ్గదని చెబుతుంది.

ఒకే సాధన, మూడు జబ్బులు

దీర్ఘకాలిక నడుంనొప్పి, రక్తపోటు, ఉబ్బసం. మూడింటికీ శ్వాస, ధ్యానం చెబుతారు. ఒక్కో జబ్బులో వాటి స్థానం ఒక్కో రకం.

నడుంనొప్పిలో బాధే ప్రధాన సమస్య. నొప్పిని మనసు అందుకునే తీరు మారితే వైద్యం చాలావరకు జరిగినట్టే. 342 మందిపై చేసి 2016లో ప్రచురించిన అమెరికా పరీక్షలో మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ పొందినవారి రోజువారీ కదలికలు మామూలు వైద్యం పొందినవారి కంటే మెరుగుపడ్డాయి. అక్కడి వైద్యుల సంఘం 2017 మార్గదర్శకాల్లో దీన్ని మందులకంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో చేర్చింది.

రక్తపోటులో సాధారణంగా బాధంటూ ఏదీ తెలియదు. బీపీ పై అంకె 170 ఉన్నా మనిషి పొలం పనికి వెళ్లి వస్తాడు. ధ్యానం తర్వాత ‘బీపీ తగ్గినట్టుంది’ అనే భావనకు ఏ విలువా లేదు, మిషన్ చూపే అంకెకే విలువ.

ఉబ్బసం ఈ రెంటి మధ్యన ఉంది. బాధా నిజమే, బాధకు తెలియని వాపూ నిజమే. అందుకే మిగతా రెండు జబ్బుల్లో రాని గందరగోళం దీంట్లో వస్తుంది. సాధన చేసిన మనిషి అబద్ధం చెప్పడం లేదు, అతనికి నిజంగానే తేలిగ్గా ఉంది. ఆ తేలికదనం సగం జబ్బు గురించే చెబుతుంది.

హాయి దాచిపెట్టేది

ఈ తేడాను కళ్లకు కట్టిన పరీక్ష ఒకటి 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఉబ్బసం రోగులకు వేర్వేరు రోజుల్లో అసలు ఇన్‌హేలర్, మందు లేని ఇన్‌హేలర్, నకిలీ ఆక్యుపంక్చర్ ఇచ్చారు. కొన్ని రోజులు ఏమీ ఇవ్వలేదు. ఎంత మెరుగ్గా ఉందని అడిగితే అసలు మందుకు 50 శాతం, మందు లేని ఇన్‌హేలర్‌కు 45, నకిలీ సూదులకు 46 శాతం మెరుగని చెప్పారు. ఏమీ ఇవ్వనప్పుడు 21 శాతం. యంత్రంతో కొలిస్తే ఊదగలిగే గాలి అసలు మందుతో 20 శాతం పెరిగింది, మిగతా మూడింటితోనూ 7 శాతం దగ్గరే ఆగిపోయింది. రోగి చెప్పే మాటను బట్టి మాత్రమే చూస్తే మందుకూ నకిలీకీ తేడా తెలియదన్నమాట.

మన దగ్గర ఈ సంగతికి ప్రాణాల మీది బరువు ఉంది. 2019 ప్రపంచ వ్యాధిభారం అంచనాల ప్రకారం ప్రపంచ ఉబ్బసం రోగుల్లో భారత్ వాటా సుమారు 13 శాతం, ఉబ్బసం మరణాల్లో 42 శాతం. ఈ అంతరానికి పెద్ద కారణం వాపు తగ్గించే పీల్చే మందు చాలామందికి అందకపోవడం, అందినా వాడకపోవడం. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని, అది చివరి మెట్టని, పెళ్లి సంబంధాలకు అడ్డమని ఇళ్లలో భయం. దానికి బదులు మాత్రలు, సిరప్‌లు అయితే నయమనుకుంటారు. లెక్క చూస్తే సంగతి తిరగబడుతుంది. పీల్చే స్టెరాయిడ్ బుడెసొనైడ్ తక్కువ మోతాదు రోజుకు 200 నుంచి 400 మైక్రోగ్రాములు. దాడి వచ్చినప్పుడు మింగించే స్టెరాయిడ్ ప్రెడ్నిసొలోన్ 40 మిల్లీగ్రాములు, అంటే 40,000 మైక్రోగ్రాములు. రెండు మందుల బలం ఒకటి కాకపోయినా, పీల్చేది ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే పని చేస్తుంది, మింగేది ఒళ్లంతా తిరుగుతుంది. పీల్చాక నోరు పుక్కిలిస్తే గొంతులో ఫంగస్ పట్టే ఇబ్బంది కూడా చాలావరకు తప్పుతుంది.

ప్రాణాయామం మొదలుపెట్టిన కొన్ని వారాలకు చాలామంది చేసే పని ఏమిటంటే, రోజూ వాడాల్సిన ఈ మందును ఆపి, అవసరానికి వాడే నీలం ఇన్‌హేలర్‌ను జేబులో ఉంచుకోవడం. ఇది తలకిందుల వరుస. ఉపశమన మందు ఒక్కదాని మీదే ఆధారపడవద్దని 2019 నుంచి గినా గట్టిగా చెబుతోంది. వాపు లోపల పెరుగుతుండగా, సాధన వల్ల వచ్చిన ఓర్పు తొలి హెచ్చరికలను కప్పేయవచ్చు.

ఇక్కడ పీక్ ఫ్లో మీటర్ ఎంతో ఉపయోగపడుతుంది. గట్టిగా ఊదితే ముల్లు కదిలే ప్లాస్టిక్ గొట్టం అది, బ్యాటరీ అక్కర్లేదు. ఒంట్లో బాగున్న రోజుల్లో వచ్చే అత్యుత్తమ అంకెను రాసిపెట్టుకోవాలి. అందులో 80 శాతానికి పైన ఉంటే ఫర్వాలేదు. 50 నుంచి 80 మధ్య ఉంటే మందు మోతాదు చూసుకోవాలి. 50 కంటే తగ్గితే అది అత్యవసరం. ప్రాణాయామానికి ముందు రోజూ పొద్దున ఒకసారి ఊదితే మనసు చెప్పేదీ ఊపిరితిత్తి చెప్పేదీ పక్కపక్కన కనిపిస్తాయి. మోతాదు తగ్గించాలా అన్నది ఆ అంకెలు కొన్ని నెలలు నిలకడగా ఉన్నాక వైద్యులతో కలిసి తేల్చుకోవాల్సిన విషయం.

ఏ సాధన, ఎక్కడ, ఎప్పుడు

ప్రాణాయామాలన్నీ ఒకటి కావు. నెమ్మదిగా పీల్చి దీర్ఘంగా వదిలేవి, పెదవులు సగం మూసి వదలడం, కుంభకం (ఊపిరి బిగబట్టడం) లేని నాడీశోధన (ఒక్కో ముక్కు రంధ్రంతో మార్చి మార్చి శ్వాసించడం), భ్రామరి ఉబ్బసానికి అనువైనవి. భ్రామరిలో ఝుమ్మనే శబ్దంతో వదలడం వల్ల శ్వాస దానంతట అదే పొడుగవుతుంది. అలా గొంతు ఝుమ్మనిపించినప్పుడు ముక్కు నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ సుమారు 15 రెట్లు పెరుగుతుందని స్వీడన్ పరిశోధకులు 2002లో కొలిచి చూపారు. సైనస్‌లలో గాలి కదులుతోందనడానికి అది గుర్తు, ఉబ్బసం నయమైందనడానికి కాదు.

కపాలభాతి, భస్త్రిక వేరే కోవలోవి. వేగంగా, బలంగా గాలిని కొట్టడం వల్ల నాళాలు చల్లబడి ఎండిపోతాయి. పరుగెత్తితే ఆయాసం వచ్చే తరహా రోగిలో దాడిని రేపగలవు. జబ్బు అదుపులో లేనప్పుడు వాటి జోలికి పోకపోవడమే మంచిది. కపాలభాతి అతిగా చేసిన 29 ఏళ్ల మహిళకు ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన ఉదంతం 2004లో వైద్య పత్రికకెక్కింది. అది చాలా అరుదైనదే, కానీ ఊపిరి మీద బలప్రయోగం ప్రమాదరహితం కాదని గుర్తుచేస్తుంది.

చోటు, వేళ కూడా ముఖ్యమే. చలికాలం తెల్లవారుజామున పార్కులో చల్లని గాలి, పొగమంచు కలిసి ఉంటాయి. ఖాళీ స్థలాల పక్కన వయ్యారిభామ పూస్తే దాని పుప్పొడి చాలామందికి పడదు. ధ్యానం గదిలో అగరుబత్తి, సాంబ్రాణి పొగ ఉంటే సాధన మేలును ఆ పొగే హరిస్తుంది. దుమ్ము పట్టిన తివాచీ కంటే ఉతికిన దుప్పటి నయం.

ఒక్క సందర్భంలో మాత్రం సాధనను పక్కన పెట్టాల్సిందే. వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదవులు నీలంగా మారుతున్నా, ఆక్సిమీటర్‌లో 92 కంటే తగ్గినా, మగతగా ఉన్నా వైద్యులు రాసిచ్చిన ప్రకారం స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) ఉపశమన ఇన్‌హేలర్ కొడుతూ ఆసుపత్రికి బయలుదేరాలి. దారిలో నెమ్మదిగా వదలమని చెబుతుండటం మంచిదే, బయలుదేరడం ఆలస్యం కాకూడదు. ఇంట్లోవాళ్లు ఒకటి తప్పక తెలుసుకోవాలి: అంతసేపూ వినిపించిన పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి నీరసిస్తుంటే అది తగ్గుముఖం కాదు. కూత పుట్టించేంత గాలి కూడా కదలడం లేదని అర్థం.

ముందు ముందు

సౌతాంప్టన్ పరీక్షలో మన రాష్ట్రాలకు పనికొచ్చే అంశం డీవీడీ ఫలితం. ఫిజియోథెరపిస్టు ఎదురుగా ఉన్నా లేకున్నా మేలు ఇంచుమించు సమానంగా వచ్చింది. అంటే జాగ్రత్తగా తయారుచేసిన తెలుగు వీడియోతో పల్లెల్లో కూడా ఇది నేర్పవచ్చు. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో యోగా కార్యక్రమం ఇప్పటికే భాగం. బుడెసొనైడ్, సాల్‌బ్యుటమాల్ పీల్చే మందులు 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. ఒకే చోట రెండూ దొరికితే, మందు వదిలి సాధన పట్టుకోవడమో సాధనను తీసిపారేసి మందుకే పరిమితం కావడమో అనే తగువు చాలావరకు తీరుతుంది. అందుకు యోగా నేర్పేవాళ్లు మొదటిరోజే ఏ ఇన్‌హేలర్ వాడుతున్నారో, పీక్ ఫ్లో ఎంతో అడగాలి. వైద్యులు కూడా మందుల చీటీ రాశాక ఊపిరి ఎలా తీస్తున్నారో ఒక నిమిషం గమనించాలి.